వైరస్సా, బూజా? అటక దిగిన ఫ్లాపీల లెక్క

సంక్షిప్తంగా: ఫ్లాపీల కాలంలో ఊరూరా తిరిగిన వైరస్‌లు ప్రధానంగా ఫైళ్లలో ఉండేవి కావు, డిస్కు మొదటి సెక్టార్‌లో (డిస్కును పంచిన చిన్న గడుల్లో మొదటిదానిలో) మకాం వేసేవి. అందువల్ల వాటిని గుర్తించడానికి స్కానర్ కన్నా ముందు పాత మిషన్ తెర మీద చూపే అంకెలే పనికివస్తాయి. మెమరీ ఎన్ని బైట్లు తగ్గింది, డిస్కులో ఎన్ని బైట్లు చెడినట్టు నమోదైంది అన్నవి చూస్తే వైరస్‌కూ బూజుకూ తేడా చాలావరకు తెలిసిపోతుంది. వైరస్ చేసే నష్టం కన్నా దాన్ని తొందరపడి తీసేయబోతే జరిగే నష్టం చాలాసార్లు ఎక్కువ.

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లలో, మూతపడిన డీటీపీ సెంటర్లలో ఫ్లాపీ డబ్బాలు ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. బరంపురంలో ఇల్లు మారేటప్పుడో, పర్లాకిమిడిలో అటక దులిపేటప్పుడో పది ఫ్లాపీలు, ఇరవై ఫ్లాపీలు చేతికొస్తాయి. శుభలేఖల నమూనాలు, ఉగాది సంచిక పేజీలు, పట్టుచీరల కొట్టు ఖాతాలు వాటిలో ఉండవచ్చు. పైనున్న చీటీ మీద ఒకవైపు తెలుగు, మరోవైపు ఒడియా. 3.5 అంగుళాల ఫ్లాపీల అమ్మకాన్ని సోనీ 2011లో ఆపేసింది కాబట్టి, చేతిలో ఉన్న డిస్కు పోతే దానికి బదులు దొరకడం కష్టం. ఆ డిస్కులతో పాటు కొన్ని భయాలు కూడా అటక దిగుతున్నాయి. ఫ్లాపీలో వైరస్ ఉంటే ఇప్పటి ల్యాప్‌టాప్ పాడవుతుందని ఒక భయం. డిస్కు చదవలేదంటే అది వైరస్ పనేనని ఒక తీర్పు. ముందు యాంటీవైరస్ నడిపి, తర్వాతే ఫైళ్లు చూడాలని ఒక సలహా. ఈ మూడింటిలోనూ కొంత నిజం ఉంది, కాని ఉండవలసిన చోట లేదు.

ఖాళీ డిస్కులోనూ ఒక ప్రోగ్రాం

డేటా ఫ్లాపీలో ప్రోగ్రాం లేదు కాబట్టి వైరస్ ఉండదన్న నమ్మకం ఆ రోజుల్లో గట్టిగా ఉండేది. అసలు చిక్కంతా అక్కడే మొదలైంది.

పీసీ స్విచ్ వేయగానే బయాస్ (మిషన్‌ను మేల్కొలిపే, లోపలి చిప్‌లోని ప్రోగ్రాం) మొదటి డ్రైవ్‌లో ఫ్లాపీ ఉందేమో చూస్తుంది. ఉంటే దాని మొదటి సెక్టార్‌లోని 512 బైట్లను మెమరీలో ఒక నిర్ణీత చిరునామాకు తెచ్చి, అక్కడి నుంచి అమలు మొదలుపెడుతుంది. ఆ బైట్లు ఎవరు రాశారు, ఎందుకు రాశారు అన్న విచారణ ఏమీ ఉండదు. విండోస్‌కు ముందు పీసీలను నడిపిన డాస్‌లో ఫార్మాట్ చేసిన ప్రతి ఫ్లాపీకీ, ఒక్క ఫైలు లేకపోయినా సరే, ఈ బూట్ సెక్టార్ ఉంటుంది. దానిలో చిన్న ప్రోగ్రాం కూడా ఉంటుంది. డేటా ఫ్లాపీని డ్రైవ్‌లో మరిచిపోయి మిషన్ ఆన్ చేస్తే ‘నాన్ సిస్టమ్ డిస్క్ ఆర్ డిస్క్ ఎర్రర్’ అని తెర మీద వచ్చేది గుర్తుందా? ఆ మాట అనేది మిషన్ కాదు, ఫ్లాపీలోని ఆ చిన్న ప్రోగ్రామే. అంటే ఆ సందేశం కనిపించే సరికే ఫ్లాపీలోని కోడ్ నడిచిపోయింది.

వైరస్ ఉన్న డిస్కులో వరుస కాస్త మారుతుంది. మొదటి సెక్టార్‌లో వైరస్ కూర్చుంటుంది, అసలు సెక్టార్‌ను మరోచోటికి తరలిస్తుంది. మిషన్ ఆన్ కాగానే వైరస్ మెమరీలోకి చేరి, హార్డ్ డిస్కు ఉంటే దాని మొదటి సెక్టార్‌లో తన ప్రతిని రాసి, ఆ తర్వాత అసలు సెక్టార్‌కు పగ్గాలు అప్పగిస్తుంది. అది యథాప్రకారం ‘నాన్ సిస్టమ్ డిస్క్’ అంటుంది. మనిషి నాలుక కరుచుకుని ఫ్లాపీ తీసి, ఒక మీట నొక్కి పనిలో పడతాడు. ఆ పూట నుంచి ఆ మిషన్‌లో పెట్టిన ప్రతి ఫ్లాపీకీ, రాతకు అడ్డు లేకపోతే, వైరస్ అంటుతుంది. ఫ్లాపీలో ఏముందో చూడటానికి డైరెక్టరీ ఆదేశం ఇచ్చినా చాలు.

దీనికి మరో వైపు కూడా ఉంది. వైరస్ లేని మిషన్‌లో, వైరస్ ఉన్న ఫ్లాపీని పెట్టి డైరెక్టరీ చూసినంత మాత్రాన బూట్ సెక్టార్ వైరస్ నడవదు. చదవడం వేరు, దానితో మిషన్ మొదలుకావడం వేరు. పాత డిస్కుల విషయంలో జాగ్రత్తలన్నీ ఈ ఒక్క తేడా మీదే నిలుస్తాయి.

సంచిలో ప్రయాణించిన వైరస్

పీసీల మీద విస్తరించిన తొలి బూట్ సెక్టార్ వైరస్ బ్రెయిన్. 1986లో లాహోర్‌లో బాసిత్ ఫారూఖ్ అల్వీ, అమ్జాద్ ఫారూఖ్ అల్వీ అనే సోదరులు రాశారు. కోడ్‌లో తమ పేర్లు, చిరునామా, ఫోను నంబర్లు కూడా పెట్టారు. ఇప్పుడు వింటే వింతగా ఉంటుంది. అది 360 కేబీ ఫ్లాపీలకే అంటేది, హార్డ్ డిస్కు జోలికి వెళ్లేది కాదు. 1987లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ నుంచి స్టోన్డ్, 1988లో ఇటలీలోని టురిన్ నుంచి పింగ్‌పాంగ్ బయలుదేరాయి. 1990లో భారతదేశంలో బయటపడిన జోషి వైరస్ జనవరి 5న మిషన్‌ను నిలిపేసి ‘హ్యాపీ బర్త్‌డే జోషి’ అని టైపు చేయమనేది. అలా చేస్తేనే పని ముందుకు సాగేది. 1991లో కనిపించిన మైకెలాంజెలో, స్టోన్డ్ కోడ్ నుంచి పుట్టినదే. అది మాత్రం సరదా మనిషి కాదు, మార్చి 6న హార్డ్ డిస్కు మొదటి భాగాన్ని చెరిపేసేది.

ఇంటర్నెట్ లేని రోజుల్లో ఇవి సముద్రాలు ఎలా దాటాయన్న ప్రశ్నకు సరిహద్దు జిల్లాల్లోని డీటీపీ సెంటరే మంచి జవాబు. ఒక మిషన్ మీద రోజుకు పదిమంది ఫ్లాపీలు పెడతారు. బరంపురంలో కంపోజ్ చేసిన పేజీ అచ్చుకోసం విశాఖపట్నం వెళుతుంది. పర్లాకిమిడికి పాతపట్నం కూతవేటు దూరం. గుణుపురం నుంచి నౌపడ చిన్న రైలెక్కిన మనిషి చొక్కా జేబులో ఉన్న డిస్కును ఏ చెక్‌పోస్టూ ఆపేది కాదు. ఒకే సెంటర్‌కు ఇటు ఒడియా సంచిక పనీ, అటు తెలుగు శుభలేఖ పనీ వచ్చేవి కాబట్టి రెండు రాష్ట్రాల డిస్కులూ ఒకే డ్రైవ్‌లో తిరిగేవి. ఇప్పుడు అటక దిగే డిస్కులను ఒకరి సొంత డిస్కులుగా కాక, ఒకప్పుడు వందమంది తాకిన వస్తువులుగా చూడటం మేలు.

తెర మీది అంకెలు

పాత పీసీలో ఉండే చెక్‌డిస్క్ ఆదేశం డిస్కు లెక్క చెప్పి, చివరి రెండు వరుసల్లో మెమరీ లెక్క కూడా చెబుతుంది. 640 కేబీ ఉన్న మిషన్‌లో మొత్తం మెమరీ 655,360 బైట్లు అని రావాలి. అక్కడ 653,312 అని కనిపించిందనుకుందాం. తేడా 2,048. అంటే సరిగ్గా 2 కేబీ ఎక్కడికో పోయింది.

బూట్ సెక్టార్ వైరస్ మెమరీ పైఅంచున కూర్చుంటుంది. తన మీద డాస్ మరొకటి రాయకుండా ఉండాలంటే ఆ చోటు లేదని డాస్‌ను నమ్మించాలి. అందుకని బయాస్ దగ్గరుండే ‘మెమరీ ఇన్ని కేబీలు’ అన్న అంకెను తగ్గించి రాస్తుంది. ఒక గదిని ఆక్రమించుకుని, ఇంటి పటంలో ఆ గదిని చెరిపేసినట్టన్నమాట. గది ఎంతదో పటంలోని లోటే చెబుతుంది. స్టోన్డ్, పింగ్‌పాంగ్, మైకెలాంజెలో 2 కేబీ తీసుకుంటాయి కాబట్టి 653,312. జోషి 6 కేబీ తీసుకుంటుంది కాబట్టి 649,216. బ్రెయిన్‌కు 7 కేబీ కావాలి కాబట్టి 648,192.

ఇక్కడ తొందరపాటు తీర్పుకు చోటుంది. 654,336 అని కనిపిస్తే, అంటే 1 కేబీ మాత్రమే తగ్గితే, అది చాలా మిషన్లలో మామూలే. బయాస్ తన సొంత అవసరానికి ఆ 1 కేబీని పక్కన పెట్టుకుంటుంది. అలాగే 512 కేబీ మాత్రమే ఉన్న మిషన్‌లో ఆరోగ్యకరమైన అంకె 524,288. అందుకే ఒక మిషన్ శుభ్రంగా ఉన్న రోజున ఈ అంకెను ఒక చీటీ మీద రాసి కేబినెట్‌కు అంటించుకోవడం ఆనాటి మెకానిక్‌ల అలవాట్లలో అన్నిటికన్నా తెలివైనది. ఖర్చు లేని స్కానర్ అది.

పింగ్‌పాంగ్ విషయంలో ఇంకో గుర్తు ఉంది. దాని తొలి రూపంలో వాడిన ఒక ప్రాసెసర్ ఆదేశం 8088, 8086 చిప్‌ల మీదే పనిచేస్తుంది. 286, ఆ పైవాటి మీద మిషన్ బిగుసుకుపోతుంది. ఒక ఫ్లాపీ పాత ఎక్స్‌టీలో (8088 చిప్ పీసీలో) చక్కగా మొదలై, 286లో పెట్టగానే నిలిచిపోతే డ్రైవ్‌ను తిట్టుకునే ముందు ఈ సంగతి గుర్తుకు రావాలి.

బూజు లెక్క వేరు

గోపాల్‌పూర్ తీరం వైపు గాలిలో తేమ ఎక్కువ. కోరాపుట్, రాయగడ కొండ ఊళ్లలో వానాకాలమంతా బట్టలే ఆరవు. ఇలాంటి చోట ఫ్లాపీకి అసలు శత్రువు బూజు. 5.25 అంగుళాల డిస్కును వెలుతురులోకి తెచ్చి, తొడుగు మధ్యలోని పొడుగాటి కిటికీ దగ్గర లోపలి పళ్లెం నెమ్మదిగా తిప్పితే తెల్లటి పొగ మచ్చలో, సన్నటి గీతలో కనిపిస్తాయి. అలాంటి డిస్కును డ్రైవ్‌లో పెడితే ఆ బూజు హెడ్‌కు, అంటే డిస్కును చదివే, రాసే భాగానికి, పట్టుకుంటుంది. ఆ హెడ్ తర్వాత పెట్టిన మంచి డిస్కు మీద గీతలు పెడుతుంది. ఒక డిస్కు నుంచి డ్రైవ్‌కు, డ్రైవ్ నుంచి మరో డిస్కుకు పాకే పద్ధతిలో అచ్చం వైరస్‌కు తమ్ముడే. ‘ఈ మిషన్‌లో పెడితే డిస్కులన్నీ పాడవుతున్నాయి, వైరస్ ఉంది’ అన్న ఫిర్యాదుల వెనుక ఈ తమ్ముడు ఉండే అవకాశం తక్కువేమీ కాదు.

రెండింటినీ విడదీయడానికి మళ్లీ చెక్‌డిస్క్ అంకెలే దారి. డిస్కు మీద చెడిన చోటు రెండు రకాలుగా బయటపడుతుంది. ఒకటి, చదవబోతే దొరికే తప్పు. డ్రైవ్ గరగరలాడి, చదవడంలో లోపం అని చెప్పి, ఆపాలా, మళ్లీ ప్రయత్నించాలా అని అడుగుతుంది. రెండోది, డిస్కు పట్టికలో ముందే ‘ఇది చెడింది, వాడవద్దు’ అని రాసి ఉన్న చోటు. చెక్‌డిస్క్ ‘చెడిన సెక్టార్లలో ఇన్ని బైట్లు’ అని చూపేది దీన్నే.

ఫార్మాట్ చేసిన తర్వాత ఏళ్లకు పట్టిన బూజు పట్టికలోకి తనంతట తాను ఎక్కదు. అది చదువు లోపంగానే కనిపిస్తుంది. పట్టికలో నమోదైన చోటు ఫార్మాట్ రోజునే చెడినదైనా కావాలి, లేదా ఎవరో కావాలని రాసినదైనా కావాలి. 360 కేబీ డిస్కులో ఫార్మాట్ ఒక ట్రాక్‌లో (పళ్లెం మీది ఒక గుండ్రటి వరుసలో) తప్పు చూస్తే ట్రాక్ మొత్తాన్నీ పక్కన పెడుతుంది. ట్రాక్‌కు 9 సెక్టార్లు, రెండేసి సెక్టార్లకు ఒక క్లస్టర్ కాబట్టి 5 క్లస్టర్లు పోతాయి, అంటే 5,120 బైట్లు. అంతకన్నా చిన్న అంకె కనిపిస్తే ఫార్మాట్ పని కాదని అనుమానించాలి. పింగ్‌పాంగ్ ఒకే ఒక్క క్లస్టర్‌ను చెడినదిగా రాసి దానిలో దాక్కుంటుంది, అప్పుడు కనిపించేది 1,024. బ్రెయిన్ మూడు క్లస్టర్లు వాడుకుంటుంది, అప్పుడు 3,072. బ్రెయిన్ అయితే డిస్కు పేరును కూడా కాపీరైట్ గుర్తుతో సహా ‘బ్రెయిన్’ అని మార్చేస్తుంది.

పట్టికలో 1,024 బైట్లు, కిటికీలో మచ్చలేదు, చదవడంలో లోపం లేదు అంటే అది వైరస్ వైపు మొగ్గు. పట్టిక శుభ్రం, మెమరీ 655,360, డ్రైవ్ మాత్రం గరగర అంటే అది బూజు. ఆ డిస్కును ఏ యాంటీవైరస్ కూడా బాగుచేయలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూది పుల్లతో పళ్లెం తుడవడం, ప్రతి డిస్కు తర్వాత హెడ్ తుడవడం, అలాంటి డిస్కుల కోసం ఒక డ్రైవ్‌ను విడిగా ఉంచడం తప్ప మార్గం లేదు.

దొంగనే కాపలా అడగకూడదు

మెమరీలో వైరస్ ఉన్నప్పుడు డిస్కు చదివి చూస్తే వచ్చే జవాబును నమ్మడానికి లేదు. బ్రెయిన్, జోషి వంటివి బూట్ సెక్టార్‌ను ఎవరైనా చదవబోతే అడ్డుపడి, తాము దాచిన అసలు సెక్టార్‌ను చూపిస్తాయి. డిస్కు ముత్యంలా కనిపిస్తుంది. దొంగ చేతికి తాళాలిచ్చి ఇల్లు భద్రమేనా అని అడిగినట్టు ఉంటుంది వ్యవహారం. అందుకే పరీక్ష ఏదైనా, మరో శుభ్రమైన మిషన్‌లో తయారుచేసి రాతకు అడ్డు పెట్టిన సిస్టమ్ ఫ్లాపీతో మిషన్‌ను మొదలుపెట్టాకే చేయాలి.

కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడు మీటలు కలిపి నొక్కి రీస్టార్ట్ చేయడం చాలదు. జోషి ఆ మీటల నొక్కును కూడా పట్టుకుంటుంది. మిషన్ మళ్లీ మొదలైనట్టు కనిపిస్తుంది, వైరస్ మాత్రం కదలదు. స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేయాలి.

రాతకు అడ్డు పెట్టడంలో ఒక తిరకాసు ఉంది. 5.25 అంగుళాల డిస్కుకు పక్కన చిన్న గంటు ఉంటుంది, దాన్ని మూస్తే రాత ఆగుతుంది. 3.5 అంగుళాల డిస్కుకు మూలన జరిపే మీట ఉంటుంది, కన్నం తెరుచుకుంటేనే రాత ఆగుతుంది. ఒకదానికి మూయాలి, ఇంకొకదానికి తెరవాలి. రెండూ వాడిన ఇంట్లో తికమక సహజం. పైగా కొన్ని డ్రైవ్‌లు ఆ గంటును వెలుతురుతో చూస్తాయి. డిస్కుతో వచ్చిన నల్ల స్టిక్కర్ ఊడిపోయిందని పారదర్శకమైన టేపు అంటిస్తే వెలుతురు దానిలోంచి సాగిపోతుంది, డ్రైవ్ హాయిగా రాసేస్తుంది. మందమైన నల్ల టేపే వాడాలి. ఈ అడ్డు డ్రైవ్‌లోని సర్క్యూట్ పెట్టేది కాబట్టి దాన్ని వైరస్ దాటలేదు.

ఇలా శుభ్రంగా మొదలైన మిషన్‌లో డీబగ్ అనే చిన్న పనిముట్టుతో మొదటి సెక్టార్‌ను చూడవచ్చు. మామూలు డాస్ సెక్టార్‌లో మొదట్లోనే ఏ డాస్ ఫార్మాట్ చేసిందో తెలిపే పేరు, చివర్లో ‘నాన్ సిస్టమ్ డిస్క్’ వాక్యం, రెండు సిస్టమ్ ఫైళ్ల పేర్లు అక్షరాలుగా కనిపిస్తాయి. స్టోన్డ్ ఉన్న దానిలో ఆ పేర్లు ఉండవు, బదులుగా మీ పీసీ మత్తులో ఉందని చెప్పే ఇంగ్లిష్ వాక్యం ఉంటుంది. ఫ్లాపీతో మొదలైనప్పుడు ఎనిమిదింట ఒకసారి తెర మీద కనిపించే వాక్యం అదే.

తీసేటప్పుడు జరిగే నష్టం

స్టోన్డ్ హాని చేయాలని రాసినది కాదు. అయినా ఫైళ్లు పోగొట్టింది. 360 కేబీ డిస్కులో అసలు బూట్ సెక్టార్‌ను అది రెండో ముఖం మీద మొదటి ట్రాక్ మూడో సెక్టార్‌కు తరలిస్తుంది. సున్నా నుంచి లెక్కిస్తే అది 11వ సెక్టార్. ఆ డిస్కులో ఫైళ్ల పేర్ల జాబితాకు చివరి సెక్టార్ అదే. 112 పేర్లు పట్టే జాబితాలో 96 దాటితే తప్ప అక్కడికి ఎవరూ రారు కాబట్టి చాలామందికి ఏమీ కాలేదు. 1.2 ఎంబీ డిస్కు కొలతలు వేరు. అదే చోటు అక్కడ 17వ సెక్టార్ అవుతుంది, జాబితాలో మూడోది. 33 నుంచి 48 వరకు ఉన్న పేర్లు దాని కింద పడి నలిగిపోతాయి. రాసినవాడు చిన్న డిస్కును మాత్రమే దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క పెద్ద డిస్కు మీద తప్పింది. చిన్న చిన్న ఫైళ్లు ఎక్కువగా ఉండే శుభలేఖల డిస్కులకే ఈ దెబ్బ తగిలేది.

ఈ లెక్క తెలిస్తే 360 కేబీ డిస్కుకు వైద్యం కూడా తేలికే. 11వ సెక్టార్‌ను చదివి మొదటి సెక్టార్ మీద రాస్తే సరి. తెలియకుండా చేసే పనులతోనే చిక్కు. డిస్కును మళ్లీ ఫార్మాట్ చేస్తే వైరస్ పోతుంది, దానితో పాటు ఉన్నదంతా పోతుంది. సిస్ ఆదేశంతో బూట్ సెక్టార్‌ను కొత్తగా రాయవచ్చు కాని, సిస్టమ్ ఫైళ్లకు చోటు లేని డేటా డిస్కు మీద అది కుదరకపోవచ్చు.

హార్డ్ డిస్కు విషయంలో పొరపాటు ఖరీదు ఇంకా పెద్దది. డాస్ 5 నుంచి, హార్డ్ డిస్కును విభాగాలు చేసే ఎఫ్‌డిస్క్‌కు ఉన్న ఒక రహస్య మార్గం మొదటి సెక్టార్‌లోని కోడ్‌ను కొత్తగా రాసి, విభాగాల పట్టికను ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. స్టోన్డ్‌కు ఇది దివ్యౌషధం. అదే మందు మంకీ వైరస్‌కు వేస్తే డిస్కు పోతుంది. మంకీ అసలు సెక్టార్‌ను గుప్తలిపిలో మార్చి వేరే చోట పెడుతుంది, కాబట్టి మొదటి సెక్టార్‌లో ‘ఉన్నదున్నట్టు’ వదలడానికి సరైన పట్టికే ఉండదు. శుభ్రమైన ఫ్లాపీతో మొదలుపెట్టినప్పుడు హార్డ్ డిస్కే కనిపించకపోవడం దాని గుర్తు. 1994లో వచ్చిన వన్‌హాఫ్ మిషన్ ఆన్ చేసిన ప్రతిసారీ డిస్కు చివరి నుంచి కొద్దికొద్దిగా గుప్తలిపిలోకి మారుస్తూ, ఆ తాళంచెవిని మొదటి సెక్టార్‌లోనే ఉంచుకుంటుంది. సెక్టార్ చెరిపితే తాళంచెవి కూడా పోతుంది. ఇక ఫామ్ అనే వైరస్ ఆ మొదటి సెక్టార్‌లో ఉండనే ఉండదు, డాస్ విభాగపు బూట్ సెక్టార్‌లో ఉంటుంది. ఎఫ్‌డిస్క్ దాన్ని తాకను కూడా తాకదు.

స్టోన్డ్, మైకెలాంజెలో రెండూ ఒకే మిషన్‌కు అంటినప్పటి సంగతి మరీ విచిత్రం. రెండూ హార్డ్ డిస్కు అసలు సెక్టార్‌ను ఒకే చోట, ఏడో సెక్టార్‌లో దాస్తాయి. రెండోది వచ్చి, మొదటి వైరస్‌ను ‘అసలు’ అనుకుని అక్కడే పెడుతుంది. నిజమైన అసలు చెరిగిపోతుంది. ఇక మిషన్ ఎన్నిసార్లు ఆన్ చేసినా డాస్ వరకు రాదు. రెండు వైరస్‌లూ విధ్వంసం తేదీకి చాలా ముందే, కేవలం చోటు కోసం కొట్టుకుని, మిషన్‌ను పడగొట్టాయన్నమాట.

డ్రైవ్‌ల కొలతతో వచ్చే చిక్కు వైరస్‌కు సంబంధం లేనిది, కాని వైద్యం పేరుతోనే జరుగుతుంది. 360 కేబీ డిస్కుకు 40 ట్రాక్‌లు, 1.2 ఎంబీ డ్రైవ్‌కు 80. ఆ డ్రైవ్ హెడ్ సన్నగా ఉంటుంది. 360 కేబీ డిస్కు మొదటి సెక్టార్‌ను దానితో తిరగరాస్తే, పాత వెడల్పాటి గీత మధ్యలో సన్నటి కొత్త గీత పడుతుంది, అంచుల్లో పాతది మిగులుతుంది. ఆ డిస్కును తిరిగి ఎక్స్‌టీలో పెడితే వెడల్పు హెడ్‌కు రెండూ కలిసి వినబడతాయి, ఏదీ సరిగా చదవలేదు. చదవడానికి 1.2 ఎంబీ డ్రైవ్ ఫరవాలేదు, రాయడానికి వద్దు.

ఇన్ని చిక్కుల మధ్య మెరుగైన పద్ధతి అసలు డిస్కును శుభ్రం చేయకపోవడమే. రాతకు అడ్డు పెట్టి, శుభ్రంగా మొదలైన మిషన్‌లో డిస్కు మొత్తాన్నీ ఒక ఇమేజ్ ఫైలుగా తీసి, ఆ పైన ఫైళ్లను మామూలు కాపీ ఆదేశంతో కొత్త చోటికి తెచ్చుకోవాలి. కాపీ ఫైళ్లను మాత్రమే తెస్తుంది, బూట్ సెక్టార్‌ను తేదు. డిస్క్‌కాపీ మాత్రం సెక్టార్‌కు సెక్టార్ తెస్తుంది, వైరస్‌తో సహా. ఆ రోజుల్లో ‘జాగ్రత్త కోసం’ తీసిన రెండో ప్రతిలోనూ వైరస్ ఉండటానికి కారణం ఇదే. ప్రోగ్రాం ఫైళ్ల విషయం వేరు. జెరూసలేం, కాస్కేడ్ వంటివి ఫైళ్లకే అంటుతాయి కాబట్టి వాటిని స్కానర్‌తో చూడాలి.

మిగతా హోం కంప్యూటర్లలో

1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన దేశంలోని బడులకు వచ్చిన బీబీసీ మైక్రోలో బూట్ సెక్టార్ వైరస్‌కు తలుపే లేదు. సిస్టమ్ మొత్తం రామ్‌లో కాక రోమ్‌లో, అంటే తిరగరాయలేని చిప్‌లో, ఉండేది. డిస్కు మొదటి రెండు సెక్టార్లలో ఉన్నది ప్రోగ్రాం కాదు, ఫైళ్ల జాబితా.

ఆపిల్ 2లో కథ వేరు. 1982లో పదిహేనేళ్ల రిచ్ స్క్రెంటా రాసిన ఎల్క్ క్లోనర్ ఆ మిషన్ డాస్‌తో పాటే తిరిగి, యాభయ్యోసారి మొదలైనప్పుడు ఒక పద్యం చూపేది. అమిగాలో మొదటి రెండు సెక్టార్లు, 1,024 బైట్లు, బూట్ బ్లాక్. పీసీకీ దానికీ తేడా ఏమిటంటే, గుర్తు అక్షరాలూ కూడిక మొత్తమూ సరిపోతేనే అమిగా ఆ కోడ్‌ను నడుపుతుంది. అటారీ ఎస్‌టీ కూడా అలాగే, 256 పదాల కూడిక ఒక నిర్ణీత అంకెకు సమానమైతేనే నడుపుతుంది. ఈ తనిఖీ వైరస్‌ను ఆపడానికి పెట్టింది కాదు, ఆపలేదు కూడా. వైరస్ తన కూడికను సరిచేసుకునే వచ్చేది. 1987 చివర్లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఎస్‌సీఏ అలాంటిదే. అమిగాలో ఇన్‌స్టాల్ ఆదేశం బూట్ బ్లాక్‌ను కొత్తగా రాసి వైరస్‌ను తుడిచేస్తుంది. ఆటల డిస్కులు చాలావాటికి సొంత బూట్ బ్లాక్ ఉండేది, వాటి మీద ఇదే ఆదేశం ఇస్తే వైరస్‌తో పాటు ఆట కూడా పోతుంది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌కు

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌తో డిస్కును చదివితే బూట్ సెక్టార్ వైరస్ ఇప్పటి విండోస్‌లో నడవదు. బయాస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐతో మొదలయ్యే మిషన్లు ఆ 512 బైట్లను అమలు చేయనే చేయవు. పాత బయాస్ పద్ధతిలో, ఫ్లాపీ లోపల ఉండగానే మొదలయ్యే మిషన్ మాత్రమే మినహాయింపు. అంటే పాత పీసీకి పనికొచ్చిన జాగ్రత్తే ఇక్కడా పనికొస్తుంది: మిషన్ ఆపేముందు డ్రైవ్‌లోంచి డిస్కు తీసేయాలి.

అసలు నష్టం ఎదురు దిశలో జరుగుతుంది. యాంటీవైరస్ ఇమేజ్ ఫైలులో పాత వైరస్‌ను గుర్తుపట్టి, ఉన్న ఒక్క ప్రతినీ తొలగించవచ్చు. విండోస్ 95, 98 మిషన్లు రాతకు అడ్డు లేని ఫ్లాపీని చూడగానే గుర్తు కోసం బూట్ సెక్టార్‌లో కొన్ని అక్షరాలు రాసేస్తాయి. వైరస్ లేకపోయినా సెక్టార్ మారిపోతుంది, తర్వాత చూసినవారు దాన్ని వైరస్ జాడగా పొరబడతారు.

పాత మిషన్‌నే బాగుచేసి నడిపేవారికి ఇంకో మెలిక. గడియారపు బ్యాటరీ అయిపోయిన ఏటీ (286 తరం) పీసీ చాలావరకు 1980 జనవరి 1న నిద్రలేస్తుంది. మార్చి 6 దాకా అది ఒక్కసారిగా నడిచే అవకాశం లేదు కాబట్టి దానిలో ఉన్న మైకెలాంజెలో మేల్కోదు. కొత్త బ్యాటరీ వేసి సరైన తేదీ పెడితే, నిద్రపోతున్న దానికి క్యాలెండర్ అందించినట్టే. బ్యాటరీ మార్చడానికి ముందే మెమరీ అంకె చూసుకోవాలి.

తెలుగు ఫైలు ఒడియాలో తెరుచుకుంటే

వైరస్ లేదని తేలి, బూజు తుడిచి, ఫైలు బయటకు వచ్చాక కూడా ఈ జిల్లాల్లో ఒక అనుమానం మిగులుతుంది. తెరిచిన ఫైలులో తెలుగు లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, గీతలు కలిసిన గజిబిజి ఉంటుంది. వైరస్ తినేసిందని డిస్కు పారేయడానికి ఇది చాలు. నిజానికి అప్పటి డీటీపీ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలను పెట్టేవి. ఆ ఫాంటు లేని మిషన్‌లో అడుగున ఉన్న సంకేతాలు బయటకు కనిపిస్తాయి. వైరస్ చెడగొట్టిన ఫైలు ఇంత క్రమంగా ఉండదు. ఒకే పదం వచ్చిన ప్రతిచోటా అదే గజిబిజి అక్షరం పొల్లుపోకుండా తిరిగి వస్తుంటే అది ఫాంటు లోపమే.

ఇంకా తమాషా అయినది ఇస్కీ ఫైలు. 1991లో భారత ప్రమాణంగా వచ్చిన ఆ పద్ధతిలో బ్రాహ్మీ నుంచి పుట్టిన మన లిపులకు ఒకే సంకేతాలు. తెలుగు ‘క’కూ ఒడియా ‘క’కూ అంకె ఒకటే, 179. ఏ లిపిలో చూపాలన్నది విడిగా చెప్పాలి. ఒడియా పని చేసే మిషన్‌లో తెలుగు శుభలేఖ తెరిస్తే వరుడి పేరు, ముహూర్తం, విందు వేళ అన్నీ ఒడియా అక్షరాల్లో, తెలుగు మాటలుగానే వస్తాయి. రెండు లిపులూ చదవగల బరంపురం మనిషి ఆ ఫైలును అలాగే చదువుకోగలడు. లిపి మార్చే మీట నొక్కితే అదే పేజీ తెలుగులోకి వస్తుంది.